నాలుగో చెవి

గ్రిమ్స్‌బీ రేవులో, పాత ఐసు ఫ్యాక్టరీ వెనకగదిలోకి
ఇద్దరం మోసుకొచ్చాం దీన్ని.
ఒకవైపు నేను, ఒకవైపు హాల్‌గార్త్.
ఆయన రిటైరై పదేళ్ళు, మోకాలు ఒకటి మార్చారు,
అయినా బరువున్న వైపే పట్టుకుంటాడు.

బయటి చలిలోంచి వచ్చింది కదా,
స్విచ్ వెయ్యగానే తేమ దీపం వెలిగించి
మొరాయించింది.
"దానికి చెమట ఆరాలి. టీ పెట్టు," అన్నాడు.
ఆరేదాకా డ్రమ్ము తిరగదు, టేపుని తాకదు.
మనకీ ఉంటే బాగుండు అలాంటి దీపం,
లోపలి తడి ఆరకముందే నోరు తెరవకుండా.

రెండోసారి టీ కాచాక దీపం పోయింది.

కొట్టు అప్పగించే షావుకారులా
ఒక్కొక్కటే చూపించడం మొదలెట్టాడు.
ఇదిగో చక్రం. గుంటలో వేలు పెట్టి
మెల్లగా తిప్పితే ఒక్కో ఫ్రేమూ
బియ్యంలో రాయి ఏరినట్టు దొరుకుతుంది.
జోరుగా వెనక్కి తిప్పితే
కోసిన చేపలు ముక్కల్లోంచి లేచి
ఒళ్ళు అతికించుకుని పెట్టెల్లోకి దూకుతాయి.

ఇది హెడ్డు తిరిగిన గంటల లెక్క:
నాలుగువేల ఎనిమిదివందల పన్నెండు.
"కారు కొన్నా ముందు ఇదే చూస్తాం."
"మరి మీ మోకాలి లెక్కో?" అన్నాను.
నవ్వలేదు.

ఇది టేపు నాడి చెప్పే దీపం.
ఆకుపచ్చ, పసుపు, ఎరుపు.
పొడి రాలినచోట బొమ్మకి కన్నం పడనివ్వదు,
పక్కచుక్కల దగ్గర కాస్త రంగు
చేబదులు తెచ్చి పూడుస్తుంది.
మా వాటాల ఇంట్లో కాఫీపొడి ఇలాగే తిరిగేది,
ఎవరి డబ్బాలో ఎవరిదో తెలిసేది కాదు.
"కన్నం మరీ పెద్దదైతే?"
"అప్పుడు ఎరుపు. వెనకటి బొమ్మనే పట్టుకుని
నిలబడిపోతుంది. కొత్తది కల్పించదు."

మొదటి టేపు.
రేవు, చేపలు కోసే ఆడవాళ్ళు, తొంభైయేడు మార్చి.
కావలసిన చోటికి ఐదు సెకన్లు వెనక్కి తగ్గి,
పొట్టేలులా,
అప్పుడు పరిగెత్తుకొచ్చింది.

రబ్బరు ఏప్రన్, నీలం టోపీ, మేవిస్ స్క్రిమ్‌షా.
చలిగా ఉంటుంది గానీ అలవాటేనంది.
తోటివాళ్ళు మంచివాళ్ళంది.
అడిగినవాటన్నిటికీ జవాబిచ్చింది, కత్తి ఆపకుండా.
విలేకరి థాంక్స్ చెప్పాడు.
కెమెరా తల వాల్చింది. తడి సిమెంటు, రెండు బూట్లు.

ఒకటి, రెండు ఛానళ్ళు చప్పబడ్డాయి.
మాకిచ్చిన పనికాగితంలో ఉన్నవి ఆ రెండే.
నాలుగో దాని గీతలు మాత్రం
చీమలబారులా ఇంకా కదులుతున్నాయి.
నాబ్ తిప్పాను.
కాలర్‌కి పెట్టిన మైకు తియ్యడం మర్చిపోయారు.

"ఆపేశారా? హమ్మయ్య."
కత్తి చప్పుడు. ఒక చేప. ఇంకో చేప.
"లెస్ పడవ తిరిగి రాలేదన్నరోజు
నేను ఏడుస్తూ పడుకున్నాననుకున్నారు అందరూ.
కాళ్ళు చాపుకుని పడుకున్నానే, జీన్.
మంచానికి సరిగ్గా నడిమధ్య.
తెల్లారేదాకా ఒక్కసారి మెలకువ రాలేదు."
ఒక చేప.
"ఎవరితో అనకు."

దీపం పచ్చగా ఉంది.
ఆ టేపు మొత్తంలో అంత పచ్చగా ఎక్కడా లేదు.

హాల్‌గార్త్ కళ్ళజోడు తీసి తుడిచాడు.
తుడిచిందే మళ్ళీ తుడిచాడు.
"లెస్ నాకు తెలుసు," అని మాత్రం అన్నాడు,
ఎలా తెలుసో చెప్పలేదు.

లాగ్ పుస్తకంలో గడి ఖాళీగా ఉంచకూడదు.
పదిహేడో నిమిషం, నలభైరెండో సెకను,
తొమ్మిదో ఫ్రేము నుంచి, ఛానల్ నాలుగు:
గది చప్పుడు, అని రాశాను.
ఆయన చదివి, పక్కన సంతకం పెట్టాడు.

ఫైల్లోకి రెండు ఛానళ్ళే వెళ్ళాయి.
క్యాసెట్టు అడుగున ఎర్రమీట
లోపలికి నొక్కే ఉందో లేదో చూశాను,
దానిమీద ఇంకెవరూ ఇంకేమీ రికార్డు చెయ్యకుండా.
ఉంది. అయినా ఇంకోసారి నొక్కాను.

గంటల లెక్కలో ఒకటి పెరిగింది.